‘మీకెలా తెలుసు?’ – తొమ్మిదో తరగతిలో మహిళల చరిత్ర

మార్చి 8 వస్తోందంటే మా బడిలో వ్యాసరచన పోటీ ఖాయం. సోషల్ టీచర్‌ని కాబట్టి ఆ వ్యాసాలు దిద్దే పని నాదే. ఏ ఏడాది కట్ట విప్పినా ఒకటే వరుస. పైన ‘యత్ర నార్యస్తు పూజ్యంతే’ శ్లోకం, దాని కింద ఝాన్సీ లక్ష్మీబాయి, ఇందిరా గాంధీ, కల్పనా చావ్లా, చివర ‘నేడు స్త్రీలు అన్ని రంగాల్లో ముందున్నారు’ అనే ముక్తాయింపు. అక్షరదోషాలు తప్ప దిద్దడానికి ఏమీ మిగలదు. అన్ని రంగాల్లో ముందుంటే మరి ఈ పోటీ ఎందుకు పెడుతున్నారన్న అనుమానం ఒక్క కాగితంలోనూ కనిపించదు. పిల్లలకు తెలివి లేక కాదు. టీచరుకు ఏం కావాలో వాళ్ళకు బాగా తెలుసు. అది ఇచ్చేసి మార్కులు పట్టుకుపోతారు.

విమర్శనాత్మక ఆలోచన నేర్పడానికి నేను ఈ అంశాన్నే ఎంచుకోవడానికి కారణం అదే. తప్పని అందరికీ తెలిసిన మాటను ప్రశ్నించడం ఎవరికైనా తేలికే. మంచి మాటను, బడిలో చప్పట్లు పడే మాటను పట్టుకుని ‘ఇది మీకెలా తెలుసు?’ అని అడగగలగడం కష్టం. నాకు నచ్చిన వాక్యాన్ని కూడా పిల్లలు నిలదీయగలిగితేనే ఏదో నేర్చుకున్నట్టు లెక్క అనుకున్నాను. ఇంకో సౌలభ్యం కూడా ఉంది. ఆడవాళ్ళ హక్కుల మీద అభిప్రాయం లేని పిల్లవాడు తరగతిలో ఒక్కడూ ఉండడు. సాక్ష్యం కోసం దూరం వెళ్ళనక్కర్లేదు, సగం సాక్ష్యం వాళ్ళ ఇళ్ళలోనే దొరుకుతుంది.

మాది నెల్లూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతిలో నలభై మందికి పైనే ఉన్నారు, అమ్మాయిలు కాస్త ఎక్కువ. తల్లిదండ్రుల్లో చాలామంది కూలి పనులు చేసేవాళ్ళు, రెండు మూడెకరాల రైతులు. సిలబస్ ఆగదు కాబట్టి వారానికి ఒక పీరియడు, ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, బడిలోనే మార్కులు వేసే మూల్యాంకనం) ప్రాజెక్టు పనులకు కేటాయించిన సమయం దీనికి వాడుకున్నాను. బోర్డు మూలన మూడు ప్రశ్నలు రాసి ఉంచాను: ఈ మాట ఎవరు చెప్పారు? వాళ్ళకు ఎలా తెలిసింది? దీనికి ఇంకో కారణం ఉండవచ్చా?

లలిత పట్టా, ఆమె తండ్రి ఉద్యోగం

మొదట ఒక పేజీ జీవితకథ ఇచ్చాను. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనేళ్ళకు పెళ్ళయింది. పద్దెనిమిదేళ్ళకు భర్త పోయారు, అప్పటికి చేతిలో నాలుగు నెలల పాప. ఆ తర్వాత ఆమె గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. పట్టా కాగితాలు మగవాళ్ళ కోసమే అచ్చయి ఉండేవి కాబట్టి అందులో ‘హీ’ని కొట్టేసి ‘షీ’ అని దిద్ది ఇచ్చారు. తర్వాత కలకత్తాలో ఉద్యోగం చేస్తూ భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ జనరేటర్ల పనిలో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకూ వెళ్ళారు.

ఆమె ఇదంతా ఎలా సాధించగలిగారని అడిగితే తరగతి మొత్తం ఒకే గొంతుతో ‘పట్టుదల’ అంది. అప్పుడు రెండో చీటీ ఇచ్చాను. లలిత తండ్రి పప్పు సుబ్బారావు అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. కూతురిని చేర్చుకోవడానికి ప్రిన్సిపాల్‌ని, విద్యాశాఖ డైరెక్టర్‌ని ఒప్పించింది ఆయనే. చీటీ చదవగానే వెనక బెంచీ నుంచి ఒకడు ‘అయితే ఇందులో ఆమె గొప్పేముంది టీచర్?’ అన్నాడు. క్షణంలో తరగతి ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చేసింది. ఇందాక అంతా పట్టుదల, ఇప్పుడంతా సిఫారసు.

ఇలాంటి చోట టీచర్లం ‘రెండూ ఉన్నాయి’ అని మధ్యేమార్గం చెప్పి పాఠం ముగిస్తాం. దాని బదులు, పట్టుదల వల్లా, తండ్రి వల్లా అన్నది తేలాలంటే ఇంకా ఎవరి గురించి తెలియాలో రాయమన్నాను. కొందరు ‘ప్రొఫెసర్ల కూతుళ్ళు అయ్యుండి చదవనివాళ్ళు’ అని రాశారు. నిజానికి ఆ కాలేజీ మొదలై అప్పటికి దాదాపు 150 ఏళ్ళు. అక్కడ పనిచేసినవాళ్ళకు కూతుళ్ళే లేకుండా ఉండరు కదా. మామూలుగా నోరు విప్పని ఒకమ్మాయి మాత్రం ఇలా రాసింది: ‘పట్టుదల ఉండి, అలాంటి నాన్న లేని అమ్మాయి గురించి తెలియాలి. కానీ ఆమె కథ ఎవరూ రాసి ఉండరు.’ గెలిచినవాళ్ళ కథలు మాత్రమే మన దాకా వస్తాయని, వాటితో లెక్క కడితే తప్పు లెక్క వస్తుందని ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాశాను.

‘దేశంలో తొలి మహిళా ఇంజనీరు’ అనే బిరుదునూ పరీక్షకు పెట్టాం. సివిల్ చదివిన లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా కూడా అదే గిండీ నుంచి దాదాపు అదే సమయంలో బయటికి వచ్చారు. 1951లో పట్టా పొందిన ఇలా మజుందార్‌ని తొలి మహిళా ఇంజనీరు అని రాసినవాళ్ళూ ఉన్నారు. సంవత్సరాలు పక్కపక్కన పెట్టుకుని పిల్లలు దాన్ని పది నిమిషాల్లో తేల్చేశారు. అయినా పోటీ పరీక్షల పుస్తకంలో అచ్చయిన మాట తప్పు కావచ్చన్న సంగతి కొందరికి మింగుడుపడలేదు.

28 లక్షల పేర్లు

ఇది చిన్న పాఠం. ‘భారతదేశంలో స్త్రీలకు ఓటు హక్కు అడగకుండానే వచ్చింది’ అనే వాక్యంతో మొదలుపెట్టాను. భారత వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి మాంటేగ్ వచ్చినప్పుడు 1917లో సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళల బృందం వెళ్ళి అడగడం, 1921లో మద్రాసు రాష్ట్రంలో ఆస్తి ఉన్న ఆడవాళ్ళకు మాత్రమే ఓటు రావడం చెప్పేసరికి ‘అడగకుండానే’ అన్నది పడిపోయింది.

తర్వాత ఒక్క అంకె ఇచ్చాను. తొలి సార్వత్రిక ఎన్నికల జాబితాల నుంచి దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళను తొలగించాల్సి వచ్చింది. ఎందుకో ఊహించమన్నాను. ‘చదువు రాదు’ అన్నారు చాలామంది. అప్పటి మగవాళ్ళలోనూ ఎక్కువమందికి చదువు రాదు కదా, మరి వాళ్ళనెందుకు తీయలేదని పక్కవాళ్ళే అడిగారు. అసలు కారణం, వాళ్ళు పేర్లు చెప్పకపోవడం. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే జాబితాలో రాయించుకున్నారు. సొంత పేరు లేనిదే చేర్చబోమని ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ పట్టుబట్టారు. అలా పోయిన పేర్లలో ఎక్కువ భాగం బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్, వింధ్యప్రదేశ్‌లవి.

సేన్ చేసింది సరైనదేనా అన్న దాని మీద తరగతి రెండుగా చీలింది. ఈ ఎన్నికలో ఓటు పోయినా పరవాలేదు, వచ్చేసారికి పేరు మిగులుతుందని ఒక పక్షం వాదించింది. అలవాటు తప్పయితే ఊరిదీ ఇంటిదీ, శిక్ష మాత్రం ఆమెకా అని రెండో పక్షం అడిగింది. నేను తీర్పు చెప్పలేదు. చెప్పమని గోల చేశారు, అయినా చెప్పలేదు.

ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒకే పొలం

ఆస్తి హక్కు పాఠానికి ఒక నియమం పెట్టుకున్నాను: ఎవరూ సొంత ఇంటి సంగతి తరగతిలో చెప్పకూడదు. ఆడపిల్లకు వాటా అనగానే ప్రతి ఇంట్లోనూ ఒక అత్తయ్య, ఒక మాట పట్టింపు ఉంటాయి. పదిమంది ముందు అవి బయటపెట్టించే హక్కు నాకు లేదు. అందుకని ఒక కల్పిత కుటుంబాన్ని తయారుచేశాను. తాతల నుంచి వచ్చిన ఉమ్మడి పొలం. పెద్ద కూతురి పెళ్ళి 1982లో, చిన్న కూతురి పెళ్ళి 1990లో. తండ్రి 2003లో చనిపోయాడు. పొలం ఇంకా పంచుకోలేదు. పెద్ద కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో వచ్చే హక్కు ఉందా?

పిల్లల చేతికి నాలుగు ఆధారాలు ఇచ్చాను. ఒకటి, 1956 నాటి హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది, ఆ తేదీకి పెళ్ళికాని కూతుళ్ళకే వర్తిస్తుంది. రెండు, 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ. ఇందులో పెళ్ళి షరతు లేదు. కాకపోతే 2004 డిసెంబర్ 20కి ముందే జరిగిపోయిన పంపకాలను కదిలించదు. మూడు, 2015లో సుప్రీంకోర్టు తీర్పు: 2005 సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలి. నాలుగు, 2020 ఆగస్టు 11 నాటి వినీతా శర్మ కేసు తీర్పు: హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్న దానితో పని లేదు.

మంచి పజిల్ దొరికిన పిల్లలు ఎలా ఉంటారో ఆ రోజు చూశాను. చిన్న కూతురికి హక్కు 1985 నుంచే ఉందని తొందరగానే తేల్చారు. పెద్ద కూతురి దగ్గర చిక్కుపడ్డారు. 1985లో లేదు. 2005లో వచ్చినట్టే ఉంది. 2015 తీర్పుతో పోయింది. 2020 తీర్పుతో మళ్ళీ వచ్చింది. మనిషి మారలేదు, పొలం మారలేదు. మరి ‘చట్టం ఇలా చెబుతోంది’ అని ఎవరైనా అంటే ఏ తేదీ నాటి చట్టమని అడగాలన్నమాట. ఒకడు ఇంకాస్త ముందుకెళ్ళి, ఆ పొలం తండ్రి సొంతంగా కొన్నదైతే లెక్క వేరా అని అడిగాడు. వేరే. స్వార్జితమైతే, తండ్రి వీలునామా రాయకుండా పోతే, 1956 చట్టం ప్రకారమే కూతుళ్ళకూ కొడుకులకూ సమాన వాటా ఉంది. వీలునామా రాస్తే ఎవరికైనా రాసుకోవచ్చు. ఊళ్ళో జరిగే తగాదాల్లో సగం ఈ రెండూ కలిపేయడం వల్లే అని నా అభిప్రాయం.

తర్వాత అసలు వాదన వచ్చింది. ‘కట్నం ఇచ్చారు కదా టీచర్, మళ్ళీ వాటా ఏమిటి?’ అన్నాడు ఒక తెలివైన పిల్లవాడు. అడ్డుకోకుండా ఆ మాటను బోర్డు మీద రాసి, ఇది నిజం కావాలంటే ఇంకా ఏవేవి నిజం కావాలని అడిగాను. కట్నం విలువ వాటా విలువతో సరితూగాలి. ఆ డబ్బు ఆమె చేతిలో ఉండాలి. 1961 నుంచి నిషేధంలో ఉన్న లావాదేవీని చట్టం లెక్కలోకి తీసుకోవాలి. ఇవన్నీ రాశాక ఒకమ్మాయి లేచి, ‘కొడుకును ఇంజనీరింగ్ చదివించిన ఖర్చు వాడి వాటాలోంచి తీయరు కదా?’ అంది. దాని మీద పెద్ద గలభా. ‘మరి అమ్మానాన్నలను చూసుకునేది కొడుకే కదా’ అని అబ్బాయిల వైపు నుంచి వచ్చింది. అది ఊహా, నిజమా? తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం ఆ బాధ్యతను కొడుకుల మీదా కూతుళ్ళ మీదా పెట్టింది. ఆచరణలో ఎవరు చూస్తున్నారో తెలియాలంటే మాత్రం అడిగి లెక్కపెట్టాలి. అక్కడికి వచ్చేసరికి ఇరుపక్షాలూ కాస్త నెమ్మదించాయి. వాదన మొదలుపెట్టిన అబ్బాయి తన కాగితంలో కట్నం గురించి రాసింది కొట్టేయలేదు. కింద, ‘ఇది న్యాయం గురించి నా అభిప్రాయం, చట్టం గురించి కాదు’ అని రాశాడు. ఆ విడదీత నాకు చాలు.

ఇళ్ళ జోలికి వెళ్ళకూడదనుకున్న పాఠం ఇళ్ళకు చేరింది. పిల్లకు కోర్టు కేసులు నేర్పుతున్నారట అంటూ ఒక తండ్రి వచ్చారు. కోపంగానే వచ్చారు. కాగితం చేతికిచ్చి చదవమన్నాను. శ్రద్ధగా చదివి, పంపకం నోటిమాటగా జరిగి ఉంటే ఈ 2004 తేదీ దానికీ వర్తిస్తుందా అని అడిగారు. నోటిమాట పంపకాలను మామూలుగా ఒప్పుకోలేమని, ప్రభుత్వ పత్రాల్లాంటి గట్టి ఆధారం చూపించాలని 2020 తీర్పులోనే ఉంది. ఆయన ప్రశ్నను, ఎవరు అడిగారో చెప్పకుండా, మరుసటి వారం తరగతికి ఇచ్చాను.

సారా ఉద్యమం: అవ్వలు చెప్పింది, పుస్తకం చెప్పింది

నెల్లూరు జిల్లాలో ఉండి దూబగుంటను వదిలేయడం కుదరదు. పుస్తకాల్లో ఈ ఉద్యమం నాలుగు వాక్యాలు: 1991లో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రి బడుల్లో ఆడవాళ్ళు చదువు నేర్చుకున్నారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. చదువు వచ్చింది, అందువల్ల చైతన్యం వచ్చింది, అందువల్ల ఉద్యమం వచ్చింది అని ఒకదానికొకటి ముడివేసిన కథ. టీచర్లకు చాలా ఇష్టమైన కథ కూడా, ఎందుకంటే అందులో చదువే కథానాయిక.

అందుకే దీన్ని పరీక్షించమన్నాను. అప్పట్లో పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు ఉన్న ఆడవాళ్ళు ఇప్పుడు పిల్లల ఇళ్ళలో అవ్వలు. వాళ్ళను అడిగి రావాలి.

ముందు ప్రశ్నలు తయారుచేయడానికే ఒక పీరియడు పట్టింది. ‘అవ్వా, చదువు నేర్చుకోవడం వల్లే ఉద్యమంలోకి వెళ్ళారు కదా?’ అనే ప్రశ్న మొదటి జాబితాలో దర్జాగా కూర్చుంది. దాన్ని ఒకరి మీద ఒకరు ప్రయోగించుకోమన్నాను. అవునని తప్ప జవాబు రాదని వాళ్ళకే తెలిసింది. చివరికి మూడు ప్రశ్నలు మిగిలాయి: మీ ఊళ్ళో ఎలా మొదలైంది? మీరు ఎందుకు వెళ్ళారు, లేదా ఎందుకు వెళ్ళలేదు? ఆ తర్వాత ఏమైంది?

‘ఎందుకు వెళ్ళలేదు’ అన్నది చేర్చకపోతే సగం చరిత్ర పోయేది. ఒక అవ్వ తన భర్త సారా కొట్టులోనే పనిచేసేవాడని, అందుకే వాకిట్లో నిలబడి చూశానని చెప్పింది. వెళ్ళినవాళ్ళు చెప్పిన కారణాలూ ఒక్కటి కావు. రాత్రి బడిలో దూబగుంట కథ పాఠంగా విన్నామని కొందరు. బడి ముఖమే చూడలేదు, వచ్చిన కూలి వచ్చినట్టు ప్యాకెట్లకు పోతుంటే ఎవరైనా చెప్పాలా అని ఇంకొందరు. పక్క ఊరివాళ్ళు కొట్టు మూయించారని తెలిసి మేమూ లేచామని మరికొందరు. ఒక పిల్లవాడు అవ్వను వదిలి తాతను అడిగి వచ్చాడు. ‘మమ్మల్ని అందరి ముందూ తిట్టారు, చీపుళ్ళు చూపించారు’ అన్నాడట తాత. ఆ సాక్ష్యాన్నీ గోడ మీద అతికించాం.

అన్నీ గోడ మీద పెట్టి, పుస్తకంలో కథ నిలబడుతుందా అని అడిగాను. చదువే కారణమైతే, బడికి వెళ్ళని అవ్వలు ఎందుకు కదిలారు? బాధే కారణమైతే, సారా అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా ఉంది, అప్పుడే ఎందుకు కదిలారు? రెండో ప్రశ్న వేసింది నేను కాదు, పిల్లలే. దాని చుట్టూ చాలాసేపు తిరిగాక ఒకమ్మాయి, ‘అక్షరాలు కాదు టీచర్, రోజూ రాత్రి అందరూ ఒకచోట కూర్చోవడానికి ఒక వంక దొరికింది’ అంది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. కారణం వేరు, వీలు వేరు అని ఆ పిల్ల తనంతట తాను కనుక్కుంది.

వెంటనే ఆ మాటనూ పరీక్షించాలి కదా. అలా కూర్చున్నారని చెప్పిన అవ్వలు ఎందరు, ఏ వాడలవాళ్ళు అని చూశాం. కూలి పని మీద బతికే దళిత వాడల నుంచి, వెనుకబడిన కులాల ఇళ్ళ నుంచి వచ్చిన జవాబుల్లోనే ఉద్యమం జ్ఞాపకాలు ఎక్కువ. ఆ ఉద్యమాన్ని ముందు నడిపిందీ అటువంటి ఆడవాళ్ళే. పుస్తకంలోని ‘మహిళలు’ అనే ఒక్క మాట కింద ఇదంతా కనిపించదు.

జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మాలన్నదీ వచ్చింది. ఎన్టీఆర్ వచ్చి సారా కొట్లు మూయించాడని ఒకరికంటే ఎక్కువ మంది చెప్పారు. 1993లో ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. ఎన్టీఆర్ 1995 జనవరిలో తెచ్చింది సంపూర్ణ మద్యనిషేధం. ముప్పై ఏళ్ళలో ఆ రెండూ కలిసిపోయాయి. తేదీ తప్పు చెప్పిన అవ్వ మాట మొత్తం కొట్టేయాలా? తన కూలి డబ్బు ఎటు పోయిందో చెప్పేటప్పుడు ఆమె పొరబడే అవకాశం తక్కువ, ప్రభుత్వం ఎప్పుడు ఏం చేసిందో చెప్పేటప్పుడు ఎక్కువ అని ఒక జట్టు రాసింది. చరిత్ర ఎం.ఏ. చదివేటప్పుడు కూడా నాకెవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఉద్యమం గెలిచిందా అన్న ప్రశ్నకు 1993లో, 1995లో, 1997లో నిషేధం సడలించాక మూడు జవాబులు వచ్చాయి. 2020 తీర్పు పాఠం గుర్తున్నవాళ్ళు ముందుగా ‘ఏ తేదీకి టీచర్?’ అని అడిగారు.

ఏం మారింది, ఏం మారలేదు

చివర్లో ‘స్త్రీలు అన్ని రంగాల్లో ముందున్నారు’ అనే పాత వాక్యాన్నే ఇచ్చి, దీన్ని పరీక్షించడానికి ఏం కావాలో రాయమన్నాను. 2024లో ఎన్నికైన లోక్‌సభలో 543 మందికి 74 మంది ఆడవాళ్ళన్న అంకెను కొందరు వెతికి తెచ్చారు. అది ఒక్క రంగమే, మిగతావి చూడకుండా మొత్తం వాక్యం తప్పనలేమని ఒకరు జాగ్రత్తపడ్డారు. ‘మా సర్పంచి ఆడమనిషి, కానీ పనులు చేసేది భర్త’ అని ఇంకొకరు రాస్తే, ‘ఆమెను అడిగావా?’ అని పక్కన రాశాను. అడిగి వచ్చింది. జవాబు ఇక్కడ రాయడం బాగుండదు.

అందరూ ఇలా లేరు. కొందరు మూడు ప్రశ్నలనూ మంత్రంలా పట్టుకుని ప్రతిదానికీ ‘ఇది నమ్మలేం’ అని రాసి ఊరుకున్నారు. సందేహించడం నేర్పినంత తేలికగా, ఎప్పుడు ఒప్పుకోవాలో నేర్పలేం. శ్లోకం బట్టీపట్టినంత సుఖంగానే దీన్నీ బట్టీపట్టవచ్చు. వాళ్ళ కోసం ప్రతి కాగితం చివర ఒక గడి చేర్చాను: ‘నువ్వు ఒప్పుకోవాలంటే ఏం చూపించాలి?’ అది ఖాళీగా ఉంటే మార్కు లేదు. ఇది బాగా పనిచేసింది. పబ్లిక్ పరీక్షలో ఇటువంటి జవాబుకు మార్కులు పడవన్న పిల్లల ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. దానికి నా దగ్గర మందు లేదు. ప్రాజెక్టు మార్కులు నా చేతిలో ఉన్నంత వరకు అక్కడ ఇస్తున్నాను.

వచ్చే ఏడాది ఇదే తరగతి పదికి వెళ్తుంది. ఈసారి పాఠాలన్నిటిలోనూ ఆడవాళ్ళు ఒక పక్క, ఆచారమో ప్రభుత్వమో ఇంకో పక్క ఉన్నారు. రెండు పక్కలా ఆడవాళ్ళే ఉన్న వివాదం ఒకటి కావాలి. 1927లో మద్రాసు శాసనమండలికి వెళ్ళి దేవదాసీ వ్యవస్థ రద్దుకు పోరాడిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఒకవైపు, తమ మాట వినకుండా తమ బతుకు మీద చట్టం చేయవద్దంటూ విన్నపాలు పంపిన దేవదాసీలు, వాళ్ళలో బెంగళూరు నాగరత్నమ్మ ఇంకోవైపు. 1947లో చట్టం వచ్చింది. ఇద్దరూ చెప్పిన కారణాలు పిల్లల ముందు పెట్టాలని ఉంది. పదిహేనేళ్ళ పిల్లలకు ఏ భాషలో, ఎంతవరకు చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. తెలుగు టీచరుతో కలిసి మొదటి కాగితం రాస్తున్నాను.